నూనెలో వేయించిన నక్షత్రం

క్రిస్మస్ చెట్టు మీది అలంకారాలను ఒక స్కూలు స్కూలంతా కలిసి నమిలి మింగేసిన వైనం మీరెక్కడైనా విన్నారా? విని ఉండరు. ఎందుకంటే అది ప్రపంచంలో ఒక్కసారే జరిగింది. ఐర్లండ్‌లో, అత్లోన్ అనే ఊళ్ళో, ఒక ప్రైమరీ స్కూలు హాల్లో, పట్టపగలు, అందరూ చూస్తుండగా జరిగింది. దానికి కారకుణ్ణి నేను. ఇన్నేళ్ళూ మనవాళ్ళెవరికీ చెప్పకుండా దాచుకున్నాను. ఇప్పుడు జుట్టు ఎలాగూ పోయింది, పరువు కూడా పోతే పోనీ అని చెప్తున్నాను, వినండి.

అవి మాంద్యం రోజులు. రేడియో పెడితే పొదుపు మీద ఉపన్యాసం, పేపరు తెరిస్తే పొదుపు చిట్కాలు. ఆఖరికి క్షవరం చేసే ఆయన కూడా నా తల మీద కత్తెర ఆపి మరీ దేశం గురించి నిట్టూర్చేవాడు. నేనప్పుడు ఒక మందుల కంపెనీలో 'ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్' ఇంజినీరుని. అంటే ఏమిటంటారా? ఎవరో పాపం తమ పని తాము శుభ్రంగా చేసుకుంటూ ఉంటారు. నేను వెళ్ళి వాళ్ళ వెనకాల నిలబడి, "ఇలా కాదు, దీనికింకా మంచి పద్ధతి ఉంది" అనాలి. అందుకు జీతం. ఒకరోజు కంపెనీవాళ్ళు తమ పద్ధతిని తామే మెరుగుపరుచుకున్నారు. ఆ మెరుగుదలలో మొట్టమొదట ఎగిరిపోయింది నా ఉద్యోగమే.

మా ఆవిడ సుజాత డాక్టరు. గుంటూరులో చదువుకుని ఇక్కడి గవర్నమెంటు ఆసుపత్రిలో చేస్తోంది. ఆవిడ డ్యూటీకి, నేను వంటింట్లోకి. పిల్లలిద్దరు. పెద్దది నిఖిల, ఎనిమిదేళ్ళు. చిన్నది సహస్ర, నాలుగున్నర. పెద్దదానికి తెలుగు మొత్తం అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది, అదీ ఐరిష్ యాసలో. "అన్నం తిన్నావా అమ్మా?" అంటే "ఐయామ్ గ్రాండ్, డాడీ" అంటుంది. ఇక్కడ కడుపు నిండినా గ్రాండే, వద్దన్నా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. చిన్నదానికి ఏ భాషతోనూ పని లేదు. దాని నోరు ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ ఏడాది స్కూలు గేటు దగ్గర నాన్నలు ఎక్కువైపోయారు. అంతకుముందు అమ్మలు కనపడే చోట ఇప్పుడు తాపీ మేస్త్రీలు, ఆర్కిటెక్టులు, బ్యాంకు ఆఫీసర్లు చేతులు జేబుల్లో పెట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. "ఎలా ఉన్నారు?" అంటే "గ్రాండ్, గ్రాండ్" అనేవాళ్ళు. ఎవరికీ గ్రాండ్‌గా లేదని అందరికీ తెలుసు. వాళ్ళలో డెక్లన్ అని ఆరున్నర అడుగుల బిల్డరు ఒకాయన ఉండేవాడు. ఊరి చివర వీధికి వీధే కట్టేసి, కొనేవాడు దొరక్క, ఆ తాళాలన్నీ జేబులో వేసుకుని తిరుగుతుండేవాడు. నడుస్తుంటే గలగలమని చప్పుడొచ్చేది.

అలాంటి రోజుల్లో స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది. ఈసారి చెట్టుకి బజారు అలంకారాలు కొనడం లేదు, ప్రతి ఇంట్లోనూ పిల్లలతో కలిసి ఉప్పు మట్టితో బొమ్మలు చేసి పంపండి అని. కింద చేసే విధానం రాశారు. మైదా రెండు కప్పులు, ఉప్పు ఒక కప్పు, నీళ్ళు ఒక కప్పు. కలిపి, ఒత్తి, ఆకారాలు కోసి, దారానికి చిల్లు పెట్టి, ఓవెన్‌లో సన్నని వేడి మీద మూడు గంటలు. ఆరాక రంగులు. అన్నిటికన్నా కింద లావుపాటి అక్షరాల్లో: 'ఇవి తినడానికి కాదు.'

"డాడీ, ద స్టార్ ఈజ్ అవర్స్," అంది నిఖిల.

చెట్టు కొసన పెట్టే పెద్ద నక్షత్రం ఎవరింటి నుంచి రావాలో చీట్లు తీశారట. మా పిల్ల పేరు వచ్చిందట. అంతవరకే అయితే బాగానే ఉండేది. పక్క బెంచీ పిల్ల ఈఫా, "మీ డాడీ ఏం చేస్తాడు? ఎప్పుడు చూసినా గేటు దగ్గరే ఉంటాడు" అని అడిగిందట. దానికి నా కూతురు క్లాసు క్లాసంతా వినేలా, "మై డాడీ కెన్ మేక్ ఎనీథింగ్" అందట.

అబద్ధమెందుకు, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగు నెలలుగా నేను దేనికైనా పనికొస్తానని ఒక్కరూ అనలేదు. అది అన్నది, అదీ పదిమందిలో. ఇప్పుడా నక్షత్రం బాగా రాకపోతే పోయేది నా మాట కాదు, దాని మాట. ఆ సంగతి నాకు చక్కగా అర్థమైంది. అంత చక్కగా అర్థమయ్యాక కూడా నేనేం చేశానో చూడండి.

మర్నాడు గేటు దగ్గర డెక్లన్ అడిగాడు, మీరేం చేస్తున్నారని.

"నక్షత్రం," అన్నాను ఛాతీ విరుచుకుని. "మరి మీరు?"

"ఇళ్ళు," అన్నాడు డెక్లన్ దిగులుగా. "నాకు వచ్చింది అదొక్కటే."

అంతలో టీచరు షినేడ్ అటుగా వచ్చింది. చిన్నపిల్లల క్లాసుకి బొమ్మలు చాలడం లేదని, ఇంకో నలభై ఉంటే కొమ్మలు నిండుతాయని వాపోయింది. నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయేది? "నాకొదిలేయండి" అన్నాను. డెక్లన్ వెనక్కి తిరిగి నన్ను గౌరవంగా చూశాడు. ఆ చూపు కోసమే అన్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

శనివారం పొద్దున సుజాత డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, ఆ కాగితంలో ఏముందో అదే చేయండి. మీ బుర్ర వాడొద్దు."

"నా బుర్రకేమైంది?"

"ఏమీ కాలేదు. అదే నా భయం," అని వెళ్ళిపోయింది.

నేను చొక్కా చేతులు మడిచి, కాగితం బల్ల మీద పెట్టి చదివాను. చదవగానే నాలోని ఇంజినీరు లేచి కూర్చున్నాడు. నాలుగు నెలల నుంచి పస్తులున్నాడేమో, బాగా ఆకలి మీదున్నాడు.

"కప్పు ఉప్పా! మీ అమ్మ చూసిందంటే బీపీ అని గోల పెడుతుంది."

"డాడీ, వీ ఆర్ నాట్ ఈటింగ్ ఇట్," అంది నిఖిల.

"తినకపోతే మాత్రం, అంత ఉప్పు వృథా చేస్తామా? దేశం ఏ పరిస్థితిలో ఉంది?" అని ఒక చెంచాతో సరిపెట్టాను.

తర్వాత మైదా. మైదాకి బలమేముంటుంది చెప్పండి? బలమంటే బియ్యప్పిండిది. కిందటిసారి మా అత్తయ్యగారు ఊరి నుంచి పంపిన చెక్కలు కొరికితే నా పన్నులో సిమెంటు ఊడొచ్చింది. అలాంటి పదార్థం ఇంట్లో ఉండగా మైదా ఎందుకు? ఇక్కడ వంటింటి అలమరని ప్రెస్ అంటారు. ఆ ప్రెస్‌లో బియ్యప్పిండి సంచీ నిండుగా ఉంది. కొలతల కోసం అత్తయ్యగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారూ, చెక్కలెలా చేస్తారండీ?"

"బాబూ, అమ్మాయి కులాసాగానే ఉందా?"

"ఉందండీ. నేనే చేద్దామని."

"అయ్యో నా తండ్రే! ఎంత అవస్థ వచ్చిపడింది నీకు! సరే, బియ్యప్పిండిలో కాస్త వెన్న వేసి..."

"బాగా గట్టిగా రావాలండీ. రాయిలా ఉండాలి."

"రాయిలా ఎందుకు బాబూ? కరకరలాడితే చాలదూ?"

"చాలదండీ. వేలాడదీయాలి."

"ఏం చేయాలీ?"

"చెట్టుకి దారం కట్టి వేలాడదీయాలండీ."

"బాబూ, ఫోను ఒకసారి అమ్మాయికివ్వు."

"డ్యూటీకి వెళ్ళిందండీ."

"సరేలే, జాగ్రత్త నాయనా. చిల్లు పెట్టడం మాత్రం మర్చిపోకు, లేకపోతే నూనెలో పేలతాయి."

నేను ఎగిరి గంతేశాను. "విన్నావా! కాగితంలోనూ చిల్లు పెట్టమన్నారు, అమ్మమ్మా చిల్లు పెట్టమంది! రెండూ ఒకటే పద్ధతి!"

"ఇట్స్ నాట్, డాడీ," అంది నిఖిల. కాగితం నా ముఖం ముందు పట్టుకుని మూడు గంటలు అన్న చోట వేలు పెట్టి చూపించింది.

"మూడు గంటలు ఓవెన్ కాలుతూ ఉండాలా? మూకుడులో వేస్తే మూడు నిమిషాల పని. దీన్నే ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ అంటారు తల్లీ."

రంగులు మిగిలాయి. ఇంట్లో పసుపుండగా పసుప్పచ్చ రంగు కొనేవాడు మూర్ఖుడు. ఎరుపుకి గుంటూరు కారం ఉంది. దేవదూతల కళ్ళకి నానబెట్టిన శెనగపప్పు, రెక్కల మీద మంచుకి నువ్వులు. సాంటా ఒక్కడి కోటు మాత్రం ఎంత కలిపినా ఎరుపు తేలడం లేదు. ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు చెంచాలు వేశాక గాని నిగనిగలాడలేదు.

ముగ్గురం కూర్చుని ఒత్తాం. నిఖిల మొదట మొహం ముడుచుకుని కూర్చుంది గానీ నక్షత్రం దగ్గరికొచ్చేసరికి పనిలో పడిపోయింది. నాలుక బయటపెట్టి, చాకుతో ఐదు కొసలూ తనే కోసింది. మధ్యలో వేలితో తన పేరులోని మొదటి అక్షరం నొక్కింది. అంతసేపు అది నా పక్కన ఆనుకుని కూర్చోవడం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎప్పుడూ జరగలేదు. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, ఆ సంతోషంలో మూకుడులో నూనె పొగలు కక్కుతున్నట్టు కూడా చూసుకోలేదు.

పొగకి అలారం మోగింది. చేతికందిన కాగితంతో విసిరాను. ఆ చేసే విధానం కాగితాన్ని నేను ఉపయోగించుకున్నది ఆ ఒక్కసారే.

నక్షత్రం నూనెలోంచి పైకి తేలింది చూడండి, ఆహా! బంగారు రంగు. చుట్టూ సన్నటి నురగ. చల్లారాక బల్ల మీద తట్టి చూస్తే ఠంగుమంది. నిఖిల మొహం విప్పారింది. "ఇట్స్ గార్జస్, డాడీ," అంది. ఆ క్షణాన నన్ను పనిలోంచి తీసేసిన మేనేజరు ఎదురుగా ఉంటే బాగుండేదనుకున్నాను.

"దేవదూతలు పన్నెండు చేశాం కదా, తొమ్మిదే ఉన్నాయేం?" అన్నాను.

సహస్ర తల అడ్డంగా ఊపింది. మూతి చుట్టూ నువ్వులున్నాయి.

"తిన్నావా అమ్మా?"

నోరు నిండా ఉంది కాబట్టి మళ్ళీ తల అడ్డంగా ఊపింది. బుద్ధున్న మనిషెవడైనా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను ఇంకో మూడు దేవదూతల్ని వేయించాను.

సుజాత డ్యూటీ నుంచి వస్తూనే గాలి పీల్చింది. "అబ్బ, పిండివంటల వాసన! ఎవరొస్తున్నారండీ?" అంటూ పళ్ళెంలోంచి ఒక గంట బొమ్మ తీసుకుని కొరికింది. "భలే ఉన్నాయే. మా అమ్మ కూడా ఇంత గుల్లగా... ఇదేంటి, దారం?"

పళ్ళ మధ్య నుంచి ఎర్ర దారం లాగి చూసింది. నన్ను చూసింది. పళ్ళెం చూసింది.

"ఇవేనా స్కూలుకి పంపేది?"

"గట్టిగా ఉన్నాయి, రంగుంది, చిల్లుంది. ఇంకేం కావాలి?"

"పిల్లలు తింటే?"

"తినొద్దని కాగితంలో అంత లావు అక్షరాల్లో రాసుందిగా!" అన్నాను. అవునండీ, అక్షరాలా ఈ మాటే అన్నాను. ఆ కాగితంలో నేను ఒప్పుకున్నది ఆ ఒక్క వాక్యమే.

సుజాత చేతిలో ఉన్న గంట మాత్రం పూర్తిగా తినేసి లోపలికెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం హాల్లో కార్యక్రమం. చెట్టు అదిరిపోయింది. అందరి ఉప్పు మట్టి బొమ్మలూ తెల్లగా, బూడిదగా ఉంటే మనవి మాత్రం దీపాల కింద నూనె మెరుపుతో ధగధగలాడుతున్నాయి. కింది కొమ్మల నిండా డెక్లన్ ఇళ్ళు, తలుపులూ కిటికీలూ పొగగొట్టాలతో సహా. కొసన మా నక్షత్రం. అమ్మలందరూ ఆగి ఆగి చూస్తున్నారు. అయితే చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముక్కు ఎగబీలుస్తున్నారు. జలుబనుకున్నాను.

నిఖిల స్టేజీ మీద పాట బృందంలో రెండో వరసలో నిలబడింది. దాని కళ్ళు జనం మీద లేవు, నక్షత్రం మీదున్నాయి. పక్కనున్న ఈఫాని మోచేత్తో పొడిచి చూపించింది కూడా. నేను సుజాత చెయ్యి నొక్కాను.

మెల్లని పాట మొదలైంది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కరకరమని వినిపించింది.

చూద్దును కదా, మా సహస్ర చెట్టు కింద నిలబడి ఒక దేవదూత రెక్క కొరుకుతోంది. దాని క్లాసు పిల్లలు చుట్టూ చేరి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. అది మహాదాతలా ఇంకో దేవదూతని తెంపి పక్కవాడికిచ్చింది. వాడు నాకాడు. కొరికాడు. ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో కొమ్మ మీద పడ్డాడు.

ఆ తర్వాత నేను చూసినది ఎలా చెప్పను! ఇరవైమంది చిన్నపిల్లలు చెట్టుని చుట్టుముట్టారు. పాట పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు గానీ పాట కన్నా నమలడమే పైకి వినిపిస్తోంది. "తినకూడదు! అవి తినకూడదు!" అని షినేడ్ టీచరు పరుగున వచ్చింది. ఒక పిల్లాడి చేతిలోంచి గంట లాక్కుంది. వాసన చూసింది. అటూ ఇటూ చూసి, గోడవైపు తిరిగి తను కూడా ఒక ముక్క కొరికింది. అంతే, తల్లిదండ్రులకి సిగ్గు పోయింది.

"ఇందులో ఏం వేశారు? మా అమ్మాయి ఇంట్లో ఏమీ తినదు!" అని ఒకావిడ నన్ను పట్టుకుంది. ఇంకో ఆయన ఆశగా డెక్లన్ ఇల్లొకటి కొరికి, ఉప్పుకి మొహం వికారంగా పెట్టి, మర్యాదగా మళ్ళీ కొమ్మకే తగిలించాడు. ప్రిన్సిపల్ గారు పెద్దమనిషి కాబట్టి తొందరపడలేదు, నెమ్మదిగా వచ్చి అన్నిటికన్నా ఎర్రగా ఉన్నదాన్ని ఎంచుకున్నారు.

"సార్! సాంటా వద్దు!" అని అరిచాను. అప్పటికే కోటు మొత్తం లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. తర్వాత ఆయన మొహం ఆ కోటు రంగులోకి వచ్చింది. "ఇట్స్... గ్రాండ్," అన్నారు కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా. సుజాత లేచి పరిగెత్తింది. "నీళ్ళు వద్దు, పాలు! పాలు తీసుకురండి!" అని టీ బల్ల మీది పాల జగ్గు ఎత్తి ఆయన నోటికి అందించింది. ఆ జగ్గు ఖాళీ అయ్యేదాకా ఆయన దించలేదు.

పావుగంటలో చెట్టు బోసిపోయింది, మిగతావాళ్ళ ఉప్పు మట్టి బొమ్మలు కూడా ఆ లాగుళ్ళలో రాలిపోయాయి. దేశంలో ఉన్నట్టే ఆ చెట్టు మీద కూడా చివరికి ఇళ్ళు మాత్రమే మిగిలాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు. ఇళ్ళు, పైన నక్షత్రం.

డెక్లన్ మొహమాటంగా నా దగ్గరికి వచ్చాడు. తనకు ఒక్కటీ దొరకలేదన్నాడు. తల పైకెత్తి చూశాడు. ఆరున్నర అడుగుల మనిషి. "ఒక్క కొస మాత్రమే," అంటూ చెయ్యి చాపాడు.

స్టేజీ మీద నిఖిల పాడటం ఆపేసింది. దాని కళ్ళు ఆయన చేతి మీదున్నాయి. "అది మాత్రం వద్దు!" అని కుర్చీ ఎక్కి నేనూ చెయ్యి చాపాను. ఆయన చెయ్యి తీసేశాడు పాపం. నా కుర్చీయే కదిలింది. నేను పట్టుకున్నది నక్షత్రాన్ని కాదు, చెట్టుని. చెట్టు, కుర్చీ, నేను, వీధికి వీధి ఇళ్ళు, అన్నీ కలిసి కిందపడ్డాం. అందరికన్నా ఆఖర్న నక్షత్రం నా తల పక్కన పడి మూడు ముక్కలైంది.

హాల్లో ఒక్కరు కూడా నమలడం లేదు. నిఖిల స్టేజీ దిగి మెల్లగా నడిచి వచ్చింది. వెనకాలే ఈఫా. నేను నేల మీద కూర్చునే ఉన్నాను, చెవిలో పైన్ ఆకులు గుచ్చుకుంటున్నాయి.

"నాన్నది తప్పు తల్లీ," అన్నాను. "నువ్వు చెప్తూనే ఉన్నావు. ఆ కాగితం ప్రకారం చేసి ఉంటే ఇప్పుడు నీ నక్షత్రం పైనే ఉండేది. నీ మాట పోగొట్టాను."

"ఇవన్నీ మీ డాడీయే చేశాడా?" అని అడిగింది ఈఫా.

నిఖిల కిందకి వంగి, తన పేరు అక్షరం ఉన్న ముక్క ఏరుకుంది. చేత్తో దులిపింది. కింది పెదవి వణుకుతోంది. ఏడుస్తుందనుకున్నాను. ముక్కని సగానికి విరిచి ఈఫాకి ఒకటిచ్చి, రెండోది నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. హాలంతా దాన్నే చూస్తోంది. మింగింది.

మూడేళ్ళుగా నాతో ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల, నా కళ్ళలోకి చూసి తేట తెలుగులో అంది:

"నాన్నా, ఉప్పు సరిపోలేదు."

సుజాత అంత గట్టిగా నవ్వగా పెళ్ళయ్యాక నేను వినడం అదే మొదటిసారి. తర్వాత నిఖిల కూడా నవ్వింది, అది నా మెడ మీద పడి నవ్వుతుంటే ఎటు చూడాలో తెలియక నేనూ నవ్వాను. మరుసటి ఏడాది స్కూలు కాగితంలో కింది వాక్యం మారింది: 'ఇవి తినడానికి కాదు, తినాలనిపించేలా కూడా చేయకూడదు.' పేరు రాయలేదు గానీ అది ఎవరి కోసమో ఊరందరికీ తెలుసు.

కాబట్టి అందరూ వినండి. మూకుడు మీద, అత్తయ్యగారి చెక్కల మీద, ప్రిన్సిపల్ గారు తాగిన పాల మీద ఒట్టేసి చెప్తున్నాను. ఇంకెప్పుడూ కాగితంలో ఉన్నదాన్ని మెరుగుపరచను. కప్పు ఉప్పంటే కప్పు ఉప్పే వేస్తాను. మూడు గంటలంటే మూడు గంటలూ ఓవెన్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఈ ఒట్టు ఇంతవరకు తప్పలేదు. ప్రతి డిసెంబరులోనూ కాగితం ప్రకారం ఒక నక్షత్రం చేసి ఇంట్లో చెట్టు కొసన పెడుతున్నాను. తెల్లగా, రాయిలా, ఏ వంకా లేకుండా వస్తుంది. నిఖిల ఇంటికొచ్చి దాన్ని ఒకసారి చూసి, "బాగుంది నాన్నా" అని, మూకుడు ఎక్కడుందని అడుగుతుంది.